లెస్టాట్ చెప్పేదీ వినాలి

నా దగ్గరున్న ఆన్ రైస్ నవల ‘ది వాంపైర్ లెస్టాట్’ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఓ ఆదివారం కొన్నది. పన్నెండేళ్లలో నాలుగుసార్లు చదివాను. అట్ట ఊడిపోతే టేపు వేసి లాక్కొస్తున్నాను. దీనికి ముందు భాగం ‘ఇంటర్వ్యూ విత్ ది వాంపైర్’ మాత్రం బీరువాలో నలగకుండా ఉంది.

1976లో వచ్చిన ఆ పుస్తకం చెడ్డదేం కాదు. లూయీ అనే రక్తపిశాచి శాన్ ఫ్రాన్సిస్కోలో ఓ గదిలో కూర్చుని, టేప్ రికార్డర్ పెట్టుకున్న కుర్రాడికి తన కథ చెబుతాడు. లూసియానాలో నీలిమందు తోట, న్యూ ఆర్లీన్స్, ఆపైన పారిస్. ఎక్కడికెళ్లినా ఒకటే ఏడుపు. వంద పేజీలయ్యేసరికి ‘సరే నాయనా, అర్థమైంది’ అనాలనిపిస్తుంది. పుస్తకాన్ని నిలబెట్టింది క్లాడియా. ఐదేళ్ల ఒంట్లో ఎప్పటికీ ఇరుక్కుపోయిన ఆడమనిషి. రచయిత్రి ఆన్ రైస్ కూతురు ఆరేళ్లు నిండకుండానే ల్యుకేమియాతో 1972లో పోయింది, మరుసటి ఏడు రాసిన నవల ఇది. క్లాడియా లాంటి పాత్ర రెండోదాంట్లో లేదు, ఒప్పుకోవాల్సిందే.

అయినా రెండోదే నాకెక్కువ. మొదటి పుస్తకంలో లూయీ నానా తిట్లూ తిట్టిన లెస్టాట్ ఇందులో తనే కథ ఎత్తుకుంటాడు. 1984లో మట్టిలోంచి లేచి ఓ రాక్ బ్యాండు కుర్రాళ్ల దగ్గరికి వెళ్తే, వాళ్లు అతని చేతికి లూయీ చెప్పిన ఆ పుస్తకాన్నే ఇస్తారు! చదివి ఒళ్లుమండి తన పుస్తకం రాస్తాడు. కితకితలు పెట్టే గడుసుతనం ఉంది మనిషిలో.

తర్వాత ఫ్రాన్స్ కొండల్లో మంచు. ఇంకా మనిషిగానే ఉన్న లెస్టాట్, చితికిపోయిన మార్క్విస్ (జమీందారు) గారి ఏడో కొడుకు, ఎనిమిది తోడేళ్లతో ఒంటరిగా తలపడి చంపుతాడు. గుర్రం పోతుంది, వెంట తెచ్చిన రెండు కుక్కలూ పోతాయి. ఊరివాళ్లు ఆ తోడేళ్ల తోలే లోపల కుట్టిన ఎర్ర వెల్వెట్ అంగీ తెచ్చిస్తారు. పిశాచాల ఊసే లేని ఈ అధ్యాయమే నాలుగుసార్లూ నాకు చలి పుట్టించింది.

ఇంకోటి, తల్లి గాబ్రియెల్. చావు ముంగిట ఉన్న ఆవిణ్ణి కొడుకే రక్తపిశాచిని చేస్తాడు. ఇక మగపిల్లాడిలా తిరగొచ్చని జుట్టు కత్తిరించేసుకుంటుంది. మర్నాడు సాయంత్రం లేచి చూస్తే జుట్టు మళ్లీ అంత పొడుగూ వచ్చేసి ఉంటుంది. కెవ్వున అరుస్తుంది. చావు లేకపోవడమంటే ఏమిటో ఆ ఒక్క కేకలో తెలుస్తుంది. లూయీ మూడొందల పేజీలు వగచినా నాకు అందలేదు అది.

ఇది చదివాక మొదటిదాన్ని మళ్లీ తీశాను. అందులో లెస్టాట్ గుడ్డి తండ్రి పోతూ పోతూ తనని క్షమించమని కొడుకుని బతిమాలే చోటుంది. అప్పుడు కొడుకు కర్కోటకుడనుకున్నా. పన్నెండేళ్ల వయసులో మఠంలో చదువుకుంటున్న పిల్లాణ్ణి ఇంటికి ఈడ్చుకొచ్చారని రెండోదాంట్లో తెలిశాక, ఆ పేజీ వేరేలా చదివాను.

రెండోదాంట్లో విసుగెత్తేది మేరియస్ అనే పాతకాలపు రక్తపిశాచి ఫ్లాష్‌బ్యాక్. రోమన్ కాలం నుంచి మొదలుపెడతాడు మహానుభావుడు. రెండుసార్లు దాటేశాను.

నా కాపీలో చివరి నాలుగు పేజీలు లేవు. కథ మధ్యలో తెగిపోయిందని అమ్మినాయన్ని ఎన్నేళ్లో తిట్టుకున్నాను. మొన్న స్నేహితురాలి కాపీ తెచ్చి చూస్తే, అందులోనూ మధ్యలోనే తెగింది. మిగతాది 1988లో వచ్చిన మూడో పుస్తకంలో ఉందట.