చెక్క జాలీ మొక్కల ప్రెస్: వానాకాలం కొండల్లో ఎంతవరకు పనికొస్తుంది?

లాబొరేటరీ సామాన్ల దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరికే, మొక్కలని నొక్కి ఆరబెట్టే చెక్క జాలీ ప్రెస్ గురించి ఈ నాలుగు మాటలు. సెట్‌లో 30 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. పొడవున్న రెండు జాలీ చట్రాలు, ప్యాకింగ్ పెట్టెల్లో వాడేలాంటి గొట్టాల అట్టలు, తేమ పీల్చే బ్లాటింగ్ పేపర్లు, రెండు బెల్టులు ఉంటాయి. ఆరిన మొక్కని అతికించి భద్రపరిచే హెర్బేరియం షీటు దాదాపు 28 × 42 సెం.మీ. కాబట్టి కొలతకి ఢోకా లేదు. పాడేరు, మారేడుమిల్లి కొండల్లో మొక్కల సర్వే చేసేవాళ్లు కొనొచ్చా అంటే, చట్రాల కోసం తప్పకుండా కొనొచ్చు. మిగతా సరంజామా చాలావరకు మార్చుకోవాల్సిందే.

చట్రంలో పట్టీలు కలిసే ప్రతిచోటా రివెట్ ఉందో లేదో చూడండి. జిగురు మీదే నిలబడ్డది వానకి విడిపోతుంది. జాలీ లేని ప్లైవుడ్ పలకల జోలికి అసలు పోవద్దు, తేమ బయటికి పోయే దారి ఉండదు.

అసలు లోపం అట్టల్లో ఉంది. సెట్‌లో వచ్చేవాటికి లోపలి గొట్టాలు నిలువుగా, 45 సెం.మీ. పొడవునా ఉంటాయి. అవి అడ్డంగా ఉంటే గాలి 30 సెం.మీ. దాటితే చాలు, మొక్క త్వరగా ఆరుతుంది. పాత ప్యాకింగ్ పెట్టెలు తెచ్చి గొట్టాలు అడ్డంగా వచ్చేలా కోసుకుంటే ఖర్చు కూడా ఉండదు. బ్లాటింగ్ పేపర్ల సంఖ్య ఒక్కరోజు సేకరణకే చాలదు. దినపత్రికలు కట్టలుగా తీసుకెళ్లండి, కానీ నున్నటి రంగుల పేజీలు వద్దు, అవి నీళ్లు పీల్చవు. బెల్టుల ప్లాస్టిక్ బకిల్ బిగిస్తుంటే జారిపోతుంది. మొక్క ఆరేకొద్దీ కట్ట పలచబడుతుంది కాబట్టి రోజూ బిగించకపోతే ఆకు ముడతలు పడుతుంది. ఇనుప బకిల్ ఉన్న నైలాన్ పట్టీ వేరుగా కొనుక్కోవడం మేలు.

ఎండాకాలంలో ఈ మార్పులు చాలు. చిక్కంతా వానల్లోనే. అడవినాభి, నేలతాడి లాంటి మందు మొక్కలు పూసేది అప్పుడే. పువ్వో కాయో లేని కొమ్మ గుర్తింపుకి సరిగా అక్కరకు రాదు కాబట్టి ఎండలొచ్చేదాకా ఆగలేం. మొదటి మూడు రోజులు పొద్దునా సాయంత్రం పేపర్లు మార్చాలి. ఒక్క పూట వదిలేస్తే ఆకు నల్లబడుతుంది, ఆ వెనకే బూజు పడుతుంది. కరెంటు ఉన్న క్యాంపులో బల్బుల పెట్టె మీద ప్రెస్‌ని నిలబెట్టి వేడి 45–50 డిగ్రీలు దాటకుండా చూసుకోవచ్చు. కరెంటు లేకపోతే, మొక్కలున్న పేపర్ల కట్టని 60–70 శాతం ఆల్కహాల్ ఉన్న స్పిరిట్‌తో తడిపి గాలి చొరకుండా పాలిథిన్ సంచిలో మూసేయండి, ఊరికి చేరేదాకా చెడదు. అయితే స్పిరిట్‌కి రంగు పోతుంది. పువ్వు రంగు, పాలు కారుతాయా లేదా, చెట్టు ఎత్తు, బెరడు తీరు, జీపీఎస్ అంకెలు ముందే రాసుకోవాలి. డీఎన్‌ఏ కోసమైతే ఆకు ముక్కలు స్పిరిట్ తగలకముందే తేమ పీల్చే సిలికా జెల్‌లో వేయాలి.

నల్లేరు, బదనిక, ఆర్కిడ్‌లని తెచ్చినవి తెచ్చినట్టే ప్రెస్‌లో పెడితే లోపల బతికే ఉండి కణుపుల దగ్గర ఊడిపోతాయి. పువ్వు తగలకుండా కాడనీ ఆకులనీ మరిగే నీళ్లలో ఒక నిమిషం ముంచి, ఆరబెట్టి పెట్టాలి. నేలతాడి దుంపని నిలువునా చీల్చి ఒక సగమే ఉంచండి. అడవినాభి దుంప విషం, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

అటవీశాఖ అనుమతి పత్రం నకలు ప్రెస్‌తోపాటే ఉండాలి. కోయ, కొండరెడ్డి ఊళ్లలో చెప్పిన పేరు ఏ భాషదో, మందుగా వాడేది ఏ భాగమో లేబుల్ మీద విడిగా రాయాలి.

వీలైతే రెండు ప్రెస్‌లు కొనండి. సగం ఆరినవాటి పక్కన ఆరోజు తెచ్చిన పచ్చివి పెడితే ఆరినవి మళ్లీ చెమ్మెక్కుతాయి. పచ్చివాటికి ఒకటి, ఆరేవాటికి ఒకటి.