యుజురు హన్యూ అభిమానిగా పదకొండేళ్లు: ఒక సమీక్ష

2014 ఫిబ్రవరి 14, శుక్రవారం. హైదరాబాద్‌లో అర్ధరాత్రి కావస్తోంది. మరునాడు అప్పగించవలసిన ప్రాజెక్టు నివేదికను పక్కకు నెట్టి, హాస్టల్ గదిలో స్నేహితురాలి లాప్‌టాప్ ముందు కూర్చుని సోచీ ఒలింపిక్స్ పురుషుల ఫిగర్ స్కేటింగ్ చూస్తున్నాను. ముందు రోజు పోటీలో మొదటి భాగమైన షార్ట్ ప్రోగ్రామ్‌లో 101.45 మార్కులు సాధించి, ఆ విభాగంలో నూరు దాటిన మొదటి స్కేటర్‌గా నిలిచిన 19 ఏళ్ల జపాన్ కుర్రాడు యుజురు హన్యూ, రెండో భాగమైన ఫ్రీ స్కేటింగ్‌లో మొదటి జంప్‌కే మంచు మీద పడ్డాడు. కాసేపటికి ఇంకోసారి పడ్డాడు. ముగించినప్పుడు అతని ముఖంలో ఓడిపోయినవాడి నీరసమే కనిపించింది. అయినా రెండూ కలిపి 280.09 మార్కులతో స్వర్ణం అతనికే దక్కింది. రెండుసార్లు పడినవాడికి బంగారు పతకం ఎలా ఇచ్చారో తెలుసుకుందామని కూర్చున్నదాన్ని, ఇప్పటికీ లేవలేదు.

సాధారణంగా దీర్ఘకాలం వాడిన మిక్సీ గురించో, స్కూటర్ గురించో సమీక్షలు రాస్తుంటారు. నేను పదకొండేళ్లుగా వాడుతున్నది ఒక అభిమానాన్ని కాబట్టి, అది నాకేమి ఇచ్చిందో, ఎంత ఖర్చు పెట్టించిందో, ఎక్కడ ఇబ్బంది పెట్టిందో దాచకుండా చెప్పే ప్రయత్నం చేస్తాను.

మొదట ఆ ప్రశ్నకు జవాబు. ఫిగర్ స్కేటింగ్‌లో ప్రతి జంప్‌కూ ఒక మూల విలువ ఉంటుంది. గాలిలో చుట్లు పూర్తయిన తరువాత పడితే ఆ మూల విలువ నిలుస్తుంది. నాణ్యత మార్కులు తగ్గుతాయి, పడినందుకు విడిగా ఒక మార్కు కోత పడుతుంది. అంటే నాలుగు చుట్లు తిరిగి పడినవాడు, రెండు చుట్లు తిరిగి చక్కగా నిలిచినవాడి కంటే ఎక్కువ మార్కులు తెచ్చుకోవడం అసంభవమేమీ కాదు. పైగా ఆ రాత్రి హన్యూ వెనుక వచ్చిన కెనడా స్కేటర్ పాట్రిక్ చాన్ కూడా తడబడి 275.62 దగ్గర ఆగిపోయాడు. ఇంత చిన్న జవాబు కోసం మూడు రాత్రులు నియమావళి చదివాను. చదివాక పాత వీడియోలు మళ్ళీ చూశాను. చూశాక నాకు తెలిసివచ్చింది ఏమిటంటే, అంతవరకు నేను చూసినది స్కేటింగ్ కాదు, ఎవరు పడతారు, ఎవరు నిలుస్తారు అన్న జూదం మాత్రమే.

ఈ అభిమానం వల్ల కలిగిన అతి పెద్ద లాభం చూపుకు వచ్చిన శిక్షణే. స్కేటు బ్లేడు అడుగు చదునుగా ఉండదు. నడుమ సన్నని గాడి, దానికి ఇరువైపులా లోపలి అంచు, వెలుపలి అంచు ఉంటాయి. స్కేటర్ ఎప్పుడు ఏ అంచు మీద ఉన్నాడన్నదే ఈ విద్యకు ప్రాణం. లూట్జ్ అనే జంప్‌ను వెలుపలి అంచు మీద నుంచి, ఫ్లిప్ అనే జంప్‌ను లోపలి అంచు మీద నుంచి ఎగరాలి. చూడడానికి రెండూ ఒకేలా ఉంటాయి కనుక మొదటి ఏడాదంతా నాకు తేడా తెలియలేదు. ఆక్సెల్ ఒక్కటే ముందుకు తిరిగి ఎగిరేది, అందుకే దానిలో ఎప్పుడూ అర చుట్టు అదనం. విశాఖపట్నంలో చిన్నప్పుడు ఆరేళ్లు కూచిపూడి నేర్చుకున్నాను. జతి ముగిసే చోట పాదం ఎక్కడ ఆనాలో, ఆనే ముందు నడుము ఎక్కడ ఉండాలో మా మాస్టారు బెత్తంతో నేలను తట్టి చెప్పేవారు. హన్యూ ట్రిపుల్ ఆక్సెల్‌ను మొదటిసారి నెమ్మదిగా తిప్పి చూసినప్పుడు ఆ బెత్తం చప్పుడే గుర్తుకు వచ్చింది. చాలామంది స్కేటర్లు ఆక్సెల్‌కు ముందు వెనక్కు జారుతూ ఊపిరి బిగబట్టి, సిద్ధమై, అప్పుడు ఎగురుతారు. ఇతను కౌంటర్ అనే కష్టమైన మలుపు తిరిగిన మరుక్షణమే, ఎలాంటి సన్నాహమూ కనిపించకుండా గాలిలో ఉంటాడు. దిగిన పాదం ఆగదు. సంగీతంలో ఆ వాక్యం ఎక్కడ ముగుస్తుందో అక్కడికి వెళ్లి గాని నిలవదు.

ఆ ఆనందం అనుభవించడానికి 2015 డిసెంబరు బార్సిలోనా గ్రాండ్ ప్రి ఫైనల్ ఒక్కటి చూసినా చాలు. రెండు వారాల ముందే నగానోలో 322.40 మార్కులు సాధించినవాడు, అక్కడ 330.43కి చేరాడు. ఫ్రీ స్కేటింగ్‌కు ఎంచుకున్న ఇతివృత్తం హెయాన్ యుగపు జ్యోతిషమాంత్రికుడు అబే నో సెయ్‌మెయ్. ఆ వేణునాదం, ఆ తప్పెట దరువు వింటుంటే, మన వీథి భాగవతాలలో పాత్ర ప్రవేశ దరువు తెలిసినవారికి పరాయి సంగతిలా అనిపించదు. పాత్ర ముందు వస్తుంది, జంప్‌లు ఆ పాత్ర చేసే పనులుగా కనిపిస్తాయి. మా మాస్టారైతే నృత్తం నృత్యంలో కలిసిపోయిందని అనేవారు.

ఇక్కడ ఒక ఫిర్యాదు కూడా నమోదు చేయాలి. 2018లో నాణ్యత మార్కుల పరిధిని మూడు నుంచి అయిదుకు పెంచినప్పుడు పాత రికార్డులన్నింటినీ చరిత్ర విభాగంలోకి నెట్టేశారు. లెక్క మారినప్పుడు అది తప్పదని ఒప్పుకుంటాను. అయితే ఎగరడానికి ముందు ఎంత కష్టమైన అడుగులు వేశాడన్నదానికి ఈ విధానంలోనూ తగిన విలువ దక్కడం లేదన్నది నా అభిప్రాయం. అభిమాని మాట కాబట్టి కొంత తగ్గించి చదువుకోవచ్చు.

ప్రత్యక్షంగా చూసినది ఒక్కసారే: 2019 మార్చిలో జపాన్‌లోని సైతామాలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్. మా పెద్దమ్మగారి అబ్బాయి టోక్యోలో, మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషి-కసాయ్ ప్రాంతంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. టికెట్టు అతని పుణ్యమే. విమానానికి మాత్రం నెలన్నర జీతం పోయింది. తెర మీద ఎంత చూసినా పట్టుబడని సంగతులు రెండున్నాయి. ఒకటి వేగం. కెమెరా స్కేటర్‌తో పాటే కదులుతుంది కాబట్టి అతనెంత దూరం, ఎంత తొందరగా వెళ్తున్నాడో మనకు తెలియదు. అక్కడ కూర్చుంటే, ఆ చివర ఉన్న మనిషి రెండు అడుగుల్లో ఈ చివరకు వచ్చినట్లు ఉంటుంది. రెండోది చప్పుడు. మంచి అంచు మీద జారుతున్న బ్లేడు కొత్త పట్టుచీర మడత విప్పినట్లు సన్నగా సవ్వడి చేస్తుంది; అంచు తప్పినప్పుడు గరగరమంటుంది. వేలమంది ఉన్న ఆ హాలులో అతను ప్రారంభ భంగిమలో నిలబడగానే ఎంత నిశ్శబ్దం అలముకుందంటే, నా పక్కనున్న జపాన్ పెద్దావిడ చేతిసంచి జిప్పు తీయబోయి మానుకోవడం కూడా నాకు తెలిసింది.

షార్ట్ ప్రోగ్రామ్‌లో ఒక జంప్ విఫలమై మూడో స్థానంలో ఉన్న హన్యూ, ఫ్రీ స్కేటింగ్ తరువాత మొత్తం 300.97కి చేరాడు. కొత్త విధానంలో మూడు వందలు దాటినవాడు అప్పటికి అతనొక్కడే. ఆ మరుక్షణం పసుపు రంగు విన్నీ ద పూ బొమ్మలు వాన కురిసినట్లు మంచు మీద పడ్డాయి. అతని టిష్యూ డబ్బాకు పూ బొమ్మ తొడుగు ఉండేది కాబట్టి మొదలైన ఆచారమిది. మొదటి రోజు మొదటి ఆటకు వెళ్లి, హీరో కనిపించగానే తెర మీదికి కాగితాలు చల్లే జాతిలో పుట్టినదాన్ని కనుక నాకు వింత అనిపించలేదు. వింత అనిపించిందల్లా ఆ తరువాతి క్రమశిక్షణే: చిన్నపిల్లలు వరుసగా జారుతూ వచ్చి బొమ్మలను సంచుల్లోకి ఎత్తారు, రింకు శుభ్రమయ్యేదాకా ఎవరూ గోల చేయలేదు. కొద్ది నిమిషాలకే అమెరికాకు చెందిన నేథన్ చెన్ 323.42తో ఆ రికార్డును దాటేశాడు. అతనికీ లేచి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, కళ్లు తుడుచుకుంటూనే. ఇంటికి వచ్చాక వదిన, "ఏమ్మా, ఇంత దూరం వచ్చి రెండో స్థానం చూసి వెళ్తున్నావా?" అంది. అవునన్నాను.

ఇక ఇబ్బందులు. అతని ప్రదర్శనలకు టికెట్లు చాలావరకు లాటరీ పద్ధతిలోనే దొరుకుతాయి, విదేశాల్లో ఉన్నవారికి ఆ లాటరీలో పేరు నమోదు చేసుకోవడమే ఒక యజ్ఞం. 2023లో ఆత్రం ఆపుకోలేక ఒక మధ్యవర్తికి డబ్బు కట్టాను. టికెట్టూ రాలేదు, డబ్బూ రాలేదు, మనిషీ పలకలేదు. తప్పు నాదే అనుకుని ఊరుకున్నాను. ప్రసారాల సంగతి మరీ విచిత్రం: చందా కట్టిన వేదికలో జూనియర్ల సాధన కూడా చూపించి, చివరి బృందం వచ్చేసరికి "మీ ప్రాంతంలో అందుబాటులో లేదు" అని రాస్తే కలిగే కోపాన్ని ఏ భాషలోనూ రాయలేను. నిద్ర లెక్క విడిగా ఉంటుంది. జపాన్‌లో పోటీ అయితే మనకంటే మూడున్నర గంటలు ముందు కనుక ఆఫీసు వేళల్లో వస్తుంది, కెనడాలో అయితే తెల్లవారుజామున వస్తుంది. రెండింటిలోనూ నష్టపోయేది ఉద్యోగమే.

వీటన్నింటికంటే బాధించింది అభిమానుల మధ్య తగవులు. నేనూ ఒకటి రెండేళ్లు చెన్ అభిమానులతో పాయింట్ల లెక్కల మీద రాత్రంతా వాదించాను. ఆ వాదనల్లో ఒక్క స్కేటర్ అడుగు గురించైనా ఎవరూ మాట్లాడలేదని ఒకనాడు గమనించి మానేశాను. అంతకంటే చీకటి కోణం 2023లో బయటపడింది. ఆగస్టులో పెళ్లి చేసుకున్నట్లు ప్రకటించిన హన్యూ, నవంబరు 17న విడిపోతున్నట్లు చెప్పాడు. ఇంటి చుట్టూ అనుమానాస్పదంగా తిరిగే వాహనాలు, వెంటపడేవారు, పత్రికలవాళ్లు కలిసి తన భార్యనూ, రెండు కుటుంబాలవారినీ ఊపిరి తీసుకోనివ్వలేదని అతనే రాశాడు. నూట అయిదు రోజులు. అందులో నా ప్రమేయం ఏమీ లేదని నేననుకోవచ్చు. కానీ అతని అలవాట్లు, అతని ఇష్టాయిష్టాలు, అతని ఇంటివాళ్ల సంగతులు వెతికి చదివిన రాత్రులు నాకూ ఉన్నాయి. ఆ తరువాత మంచు మీద జరిగేది తప్ప మరొకటి చదవకూడదని నియమం పెట్టుకున్నాను. ఇప్పటిదాకా రెండుసార్లు తప్పాను.

గాయాల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. స్కేటర్‌ను అభిమానించడమంటే వైద్య నివేదికల కోసం ఎదురుచూడడం కూడా. 2014 నవంబరులో షాంఘైలో వార్మప్ సమయంలో చైనా స్కేటర్ యాన్ హాన్‌ను ఢీకొని, తలకు కట్టుతో వచ్చి అయిదుసార్లు పడుతూ ఆడినప్పుడు, దాన్ని వీరత్వమని పొగిడినవారిలో నేనూ ఉన్నాను. ఇప్పుడైతే ఆ రోజు అతన్ని ఆపి ఉండవలసిందని అంటాను. 2017 నవంబరులో ఒసాకాలో సాధన చేస్తూ కుడి చీలమండ దెబ్బతీసుకున్నాడు. మరి పోటీలు లేకుండా నేరుగా 2018 ఫిబ్రవరిలో ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌కు వెళ్లి 317.85తో రెండో స్వర్ణం గెలిచాడు. 1948, 1952లలో అమెరికా స్కేటర్ డిక్ బటన్ తరువాత పురుషుల్లో వరుసగా రెండుసార్లు గెలిచినవారు అప్పటివరకు లేరు. ఆ శనివారం ఉదయం మా ఇంట్లో పెసరట్లు మాడిపోయాయి.

అయినా, ఒక్క ప్రదర్శన మాత్రమే దగ్గర ఉంచుకోమంటే నేను పతకం రానిదాన్నే ఎంచుకుంటాను. 2022 బీజింగ్ ఒలింపిక్స్ షార్ట్ ప్రోగ్రామ్‌లో, ఎగరబోయే చోట మంచులో ఉన్న గుంటలో బ్లేడు ఇరుక్కుని మొదటి జంప్ ఒకే చుట్టుతో ముగిసింది, ఎనిమిదో స్థానం. రెండు రోజుల తరువాత, ముందు రోజు సాధనలో మళ్ళీ బెణికిన చీలమండకు నొప్పి తెలియని ఇంజక్షను వేయించుకుని, ఎవరూ పోటీలో సాధించని నాలుగున్నర చుట్ల ఆక్సెల్‌కు ఎగిరాడు. మూడో పతకం కావాలనుకుంటే దాన్ని వదిలేయవచ్చు. వదలలేదు. చుట్లు కొద్దిగా తక్కువయ్యాయి, పడ్డాడు, నాలుగో స్థానంతో ముగించాడు. అయితే మార్కుల పత్రంలో ఆ జంప్ నాలుగున్నర చుట్ల ఆక్సెల్‌గానే నమోదైంది. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికా కుర్రాడు ఇల్యా మాలినిన్ దాన్ని పూర్తిగా సాధించాడు. పడినవాడికి పతకమెలా ఇచ్చారని మొదలుపెట్టినదాన్ని, పడిన ఆ జంప్‌ను ఇప్పటికి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

2022 జులైలో పోటీల నుంచి తప్పుకున్న తరువాత ఈ అభిమానం స్వభావం మారింది. మార్కులు లేవు, ప్రత్యర్థులు లేరు, ఒక్కడే గంటల తరబడి ఆడే ప్రదర్శనలున్నాయి. 2023 ఫిబ్రవరిలో టోక్యో డోమ్‌లో సుమారు 35,000 మంది ముందు ఒంటరిగా ఆడాడు. నిజం చెప్పాలంటే ఆ ప్రదర్శనల్లో తెర మీద నడిచే కథనం కొన్నిచోట్ల నాకు సాగదీసినట్లు ఉంటుంది. మియాగి ప్రాంతంలో మార్చిలో జరిపే ప్రదర్శన మాత్రం వేరు. 2011 మార్చి 11న భూకంపం వచ్చినప్పుడు 16 ఏళ్ల హన్యూ సెండాయ్ రింకులో సాధన చేస్తూ కాళ్లకు స్కేట్లతోనే బయటికి పరుగెత్తాడు, కొన్నాళ్లు సహాయ శిబిరంలో ఉన్నాడు. అప్పుడు మృతదేహాలను ఉంచిన ఇండోర్ స్టేడియంలోనే ఇప్పుడు మంచు పరిచి ఆడుతున్నాడు. ఆ సంగతి తెలిసి చూసినప్పుడు సాగదీత ప్రశ్నే రాదు.

కొత్తగా మొదలుపెట్టేవారికి: రికార్డుల జాబితాతో మొదలుపెట్టవద్దు. ప్యాంగ్‌చాంగ్‌లో షోపెన్ బల్లాడ్‌కు ఆడిన షార్ట్ ప్రోగ్రామ్‌ను రెండుసార్లు చూడండి. మొదటిసారి ధ్వని ఆపి పాదాలను మాత్రమే చూడండి, రెండోసారి ధ్వని పెట్టి ఎక్కడైనా చూడండి. నచ్చకపోతే మూడోసారి అవసరం లేదు. నేను ఈ పద్ధతిని మా అమ్మ మీదే ప్రయోగించాను. ఇన్నేళ్లుగా నా గదిలోంచి కేక వినబడితే చాలు, "ఆ జపాన్ అబ్బాయి మళ్ళీ పడ్డాడా?" అని వంటింట్లోంచి అడగడమే తప్ప ఆవిడ ఏనాడూ వచ్చి చూడలేదు. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ రెండుసార్లూ పూర్తిగా చూసి, "ఇందులో ఒక్కసారి కూడా పడలేదేమిటి?" అని అడిగి, మరొకటి పెట్టమంది.