విండో కనబడకుండా ప్రోగ్రామ్ నడపడానికి ఆటోహాట్‌కీ: ఒక విశాఖ కార్యాలయం సమీక్ష

విశాఖపట్నం రేవుకు వచ్చే సరుకుల కస్టమ్స్ పత్రాలు సిద్ధం చేసే మా కార్యాలయంలో, స్కాన్ చేసిన బిల్లులను గంటకోసారి వేరే డిస్కుకు కాపీ చేసే పనిని విండోస్‌తోపాటే వచ్చే ఫైళ్ల కాపీ ప్రోగ్రామ్ రోబోకాపీకి అప్పగించాము. అది నడిచిన ప్రతిసారీ నల్లటి విండో తెరమీదికి వచ్చి టైపు చేస్తున్నవారికి అడ్డు తగిలేది. ఎవరైనా దానిని మూసేస్తే కాపీ మధ్యలోనే ఆగిపోయేది. ఆ విండోను దాచడానికి స్క్రిప్టులతో, అంటే చిన్న ఆదేశాల ఫైళ్లతో, విండోస్ పనులను నడిపించే ఉచిత సాధనం ఆటోహాట్‌కీ రెండవ వెర్షన్‌ను ఎంచుకున్నాము. ఈ పనికి అది ఎంతో తగినదని నిస్సంకోచంగా చెప్పగలను.

ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టే రన్ అనే ఆదేశంలో మూడవ స్థానాన 'హైడ్' అని రాస్తే చాలు, విండో కనబడదు. దీనికి బదులు విండోస్‌లోని ఆదేశాల సాధనం పవర్‌షెల్‌ను విండో లేకుండా నడవమని కోరినా, అది స్వయంగా కన్సోల్ ప్రోగ్రామ్ (అక్షరాల విండోలో నడిచేది) కాబట్టి, ఆ కోరికను చదివేలోపే విండో ఒక్క క్షణం మెరుస్తుంది. విండోస్‌లోని పాత స్క్రిప్టు భాష వీబీస్క్రిప్ట్‌తోనూ దాచవచ్చు గాని, దానిని విండోస్ నుంచి క్రమంగా తొలగిస్తామని మైక్రోసాఫ్ట్ 2023లోనే ప్రకటించింది.

కనబడని ప్రోగ్రామ్ పని పూర్తిచేసిందో లేదో తెలియకపోతే దాచి ప్రయోజనం లేదు. ఆటోహాట్‌కీలో నాకు అన్నిటికంటే నచ్చిన రన్‌వెయిట్ ఆదేశం, ప్రోగ్రామ్ ముగిసేదాకా ఆగి దాని ఎగ్జిట్ కోడ్‌ను, అంటే పని ఎలా ముగిసిందో తెలిపే సంఖ్యను, మన చేతికిస్తుంది. రోబోకాపీ విషయంలో ఆ సంఖ్యను జాగ్రత్తగా చదవాలి: 1 వస్తే ఫైళ్లు కాపీ అయ్యాయని అర్థం, 8 గాని అంతకుమించి గాని వస్తేనే వైఫల్యం. మరొక ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఎవరైనా తెరిచి ఉంచిన ఫైలు కాపీ కాకపోతే రోబోకాపీ తనంతట తానుగా 30 సెకన్ల వ్యవధితో పది లక్షల సార్లు మళ్లీ ప్రయత్నిస్తుంది. విండో దాచి ఉన్నందున అది అక్కడే చిక్కుకుపోయిందని ఎవరికీ తెలియదు. అందుకే రోబోకాపీ ఆదేశంలో ఆర్ విలువను (ఎన్నిసార్లు మళ్లీ ప్రయత్నించాలో) 2కు, డబ్ల్యూ విలువను (మధ్యలో ఎన్ని సెకన్లు ఆగాలో) 5కు తగ్గించి, జరిగినదంతా నమోదయ్యే లాగ్ ఫైలు తప్పక రాయించాలి.

లోపాలు లేకపోలేదు. కొన్ని ప్రోగ్రామ్‌లు 'హైడ్'ను లెక్కచేయవు. స్క్రిప్టును ఈఎక్స్ఈగా (నేరుగా నడిచే ప్రోగ్రామ్ ఫైలుగా) మారిస్తే కొన్ని యాంటీవైరస్‌లు అనుమానిస్తాయి. స్క్రిప్టును ఆపినంత మాత్రాన లోపల నడుస్తున్న ప్రోగ్రామ్ ఆగదు కాబట్టి, దానిని తరువాత ఆపడానికి దాని ప్రాసెస్ సంఖ్యను (నడుస్తున్న ప్రోగ్రామ్‌కు విండోస్ ఇచ్చే గుర్తింపు సంఖ్యను) ముందే భద్రపరచుకోవాలి.

ఎవరూ లాగిన్ కాని సర్వర్ మీద మాత్రం ఇదంతా అనవసరం. వినియోగదారు లాగిన్ అయినా కాకపోయినా నడపమని, నిర్ణీత వేళకు పనులు నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో ఎంచుకుంటే విండో ఎలాగూ తెరమీదికి రాదు.