వైజాగ్‌లో యుద్ధకాలం టోకెన్లు కొంటున్నారా? కాస్త ఆగండి

1943 నాటి టీ హోటల్ టోకెన్లని చెప్పి ఒకతను వైజాగ్‌లో ఇత్తడి బిళ్లలు అమ్ముతున్నాడు. నేను 4,500 పెట్టి మూడు కొన్నాను. మూడిట్లో ఒక్కటీ ఆ కాలానిది కాదు.

జగదాంబ దగ్గర టీకొట్టులో కూర్చోబెట్టి ముందు కథ చెప్పాడు. 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్లు ఇక్కడ బాంబులేశారు, జనం ఊరొదిలి పారిపోయారు, ఆ తర్వాత చిల్లర దొరక్క హోటళ్లవాళ్లు సొంతంగా టోకెన్లు కొట్టించుకున్నారు అని. బాంబులు పడ్డది నిజమే. యుద్ధంలో చిల్లర కరువూ నిజమే; 1943లో చిల్లుకానీ వచ్చింది కూడా లోహం ఆదా చెయ్యడానికే. మా తాతయ్య కబుర్లు గుర్తొచ్చి, భూతద్దం జేబులోంచి తియ్యనే లేదు.

ఇంటికొచ్చి తీశాను. రెండు అర్ధణా బిళ్లల మీద ఊరి పేరు ఇంగ్లీషులో, ఇప్పుడు రైల్వే స్టేషన్ బోర్డు మీద ఉన్నట్టే, ‘విశాఖపట్నం’ అని ఉంది. దొరల కాలంలో ‘విజగపటం’ అని రాసేవాళ్లు. ఈ సంగతి నాకు తెలియంది కాదు, అదే సిగ్గుచేటు. పైగా రెండిటికీ కెటిల్ బొమ్మ ముక్కు కింద ఒకేచోట ఒకేలాంటి నొక్కు. చేతులు మారుతూ పడ్డ నొక్కైతే అలా ఉండదు. ఒకే అచ్చులో పోత పోశారన్నమాట. మా ఆవిడ నెయిల్ పాలిష్ రిమూవర్ దూదికి అద్ది రుద్దితే చిలుమంతా దూదికొచ్చేసింది. కింద తళతళలాడే కొత్త ఇత్తడి! నిజమైన చిలుము అలా ఊడిరాదు.

మూడోదాని మీద ‘10 పైసలు’ అని ఉంది. యుద్ధం రోజుల్లో అణాకి 4 పైసలు, రూపాయికి 64. ఆ లెక్కన 10 పైసలంటే రెండున్నర అణాలు, అలాంటి టోకెన్ ఎవరు కొట్టిస్తారు? వంద పైసల రూపాయి వచ్చింది 1957 ఏప్రిల్ 1న. ఇది తర్వాతి రోజుల్లో ఏదో క్యాంటీన్‌లో వాడింది అయ్యుంటుంది. పాతదే, కానీ 50 రూపాయలు కూడా ఎక్కువ.

ఫోన్ చేస్తే, "పాత సరుకు గురూ, గ్యారంటీ ఎవడిస్తాడు?" అన్నాడు. మర్నాటికి నా నంబర్ బ్లాక్.

బిల్లు అడగలేదు, నా తప్పే. మీకెవరైనా కెటిల్ బొమ్మ ఉన్న అర్ధణా బిళ్ల చూపిస్తే, డబ్బు ఇవ్వకముందే ముక్కు కింద ఆ నొక్కు ఉందేమో చూడండి. నా దగ్గరున్నవాటి ఫొటోలు కావాలంటే మెసేజ్ పెట్టండి, పంపుతాను.