ట్యూబు నీళ్ల సంచి: ఎండలో ఓకే, మంచులో మాత్రం వద్దు

బ్యాగులో పెట్టుకుని ట్యూబుతో పీల్చుకునే సంచి, హైడ్రేషన్ బ్లాడర్ అంటారే, రెండు లీటర్లది పన్నెండొందలు పెట్టి ఆన్‌లైన్‌లో కొన్నాను. కంపెనీ పేరు చెప్పను, ఈ తంటాలు చాలావరకు ఏ సంచికైనా ఉండేవే.

వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో బాగానే పనిచేసింది. బాటిలైతే ఆగాలి, బ్యాగు దించాలి, తీయాలి, ఆ బద్ధకానికి దాహమేసినా తాగం. దీంతో నడుస్తూనే ఒక్కో గుక్క తాగొచ్చు, బరువు కూడా వీపుకి ఆనుకుని ఉంటుంది కాబట్టి పక్క జేబులో బాటిల్లా ఒకవైపుకి లాగదు. కాకపోతే ఎంత మిగిలిందో కనపడదు, ట్యూబు గుర్రుమన్నాకే అయిపోయాయని తెలుస్తుంది.

అసలు కథ డిసెంబర్లో కేదార్‌కంఠలో. ఉత్తరాఖండ్‌లోని సాంక్రి ఊరి నుంచి ఎక్కుతాం, శిఖరం దాదాపు 12,500 అడుగులు. చివరి రోజు తెల్లవారుజామున మూడింటికి బయల్దేరామా, అరగంటకే ట్యూబులో నీళ్లు గడ్డకట్టేశాయి. వీపు మీద రెండు లీటర్లు, అంటే అచ్చంగా రెండు కిలోలు మోస్తున్నాను, నోట్లోకి చుక్క రాదు! తాగిన ప్రతిసారీ ట్యూబులోకి ఊది నీళ్లు వెనక్కి పంపాలట, గైడ్ అప్పుడు చెప్పాడు. ఆయన దగ్గరున్నది మామూలు స్టీలు బాటిల్, ఉన్ని సాక్సులో దూర్చి తలకిందులుగా పెట్టుకున్నాడు. నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి తలకిందులైన బాటిల్లో ఐసు పైనున్న అడుగువైపు చేరుతుంది, మూత దగ్గర పట్టేయదు. మూత గట్టిదైతేనే ఈ పని చేయండి.

ఆ తర్వాత నేనూ ఒక పొర స్టీలు బాటిల్‌కే వచ్చేశాను, వెడల్పు మూతిది, గ్లవ్స్‌తో కూడా తిప్పొచ్చు. రాత్రి క్యాంపులో వేడినీళ్లు పోయించుకుని స్లీపింగ్ బ్యాగులో కాళ్ల దగ్గర పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, పొద్దున అవే తాగొచ్చు. ఫ్లాస్కు ఇలా వెచ్చదనం ఇవ్వదు, పైగా ఖాళీదే దగ్గర దగ్గర అరకిలో తూగుతుంది. రెండోది మామూలు మినరల్ వాటర్ బాటిల్, బరువే ఉండదు, దారిలో వాగు దూరమని తెలిస్తేనే నింపుతాను. దాంట్లో మాత్రం వేడినీళ్లు పోయకండి, మా ఫ్రెండు పోస్తే వేయించిన వంకాయలా ముడుచుకుపోయింది. మా నాయనమ్మ మరచెంబు పట్టుకుని రైలెక్కితే నవ్వేవాళ్లం, గట్టి మూత, కడగడానికి చెయ్యి పట్టే మూతి, ఇంకేం కావాలి.

కడగడం గురించి చెప్పలేదు కదూ. సంచి లోపల గోడలు అతుక్కుపోయి తడి ఆరదు, మూడ్రోజులకి ముక్కవాసన. తెరిచి ఉంచడానికి వంటింట్లో కవ్వం తీసుకెళ్లి అందులో దూర్చాను, అది బాగా పనిచేసింది. సంచి ఇప్పుడు తమ్ముడి సైక్లింగ్‌కి పోయింది. మజ్జిగకి ప్లాస్టిక్ వాసన వస్తోందని అమ్మ ఇంకా తిడుతూనే ఉంది.