ఎల్‌పీడీడీఆర్4ఎక్స్ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్: కొన్నేళ్ల వాడకం తర్వాత

విశాఖ ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో 16 జీబీ ఎల్‌పీడీడీఆర్4ఎక్స్ (తక్కువ కరెంటుతో నడిచే మెమరీ రకం) ల్యాప్‌టాప్‌ను కొన్నేళ్లుగా వాడుతున్నాను. మామూలు డీడీఆర్4 మెమరీ ఉన్న పాత యంత్రం ఇంకా పక్కనే ఉన్నందున, రెండింటిలోనూ లైనక్సే నడుస్తున్నందున, మెమరీ ఎంత కరెంటు తాగుతుందో పోల్చి చూసే వీలు కలిగింది.

అసలు లాభం మూత వేసి పక్కన పెట్టినప్పుడే తెలుస్తుంది. రెండు యంత్రాల మెమరీ కూడా డీరామ్ రకమే; అందులో ప్రతి బిట్టూ ఒక చిన్న కెపాసిటర్‌లోని ఛార్జి. అది కారిపోతూ ఉంటుంది కనుక డీడీఆర్4లో మామూలుగా 64 మిల్లీసెకన్లలోపు, చిప్ 85 డిగ్రీలు దాటితే 32 మిల్లీసెకన్లలోపు, అన్ని వరుసలనూ మళ్లీ నింపాలి; దీన్నే రిఫ్రెష్ అంటారు. యంత్రం స్లీప్‌లో ఉన్నా ఈ పని ఆగదు. డీడీఆర్4కు 1.2 వోల్టులు కావాలి. ఎల్‌పీడీడీఆర్4ఎక్స్‌లో డేటా లైన్లకు 0.6 వోల్టులు చాలు, పైగా చల్లగా ఉన్నప్పుడు చిప్ తనంతట తానే రిఫ్రెష్‌ల మధ్య వ్యవధిని పెంచుకుంటుంది. రాత్రంతా స్లీప్‌లో ఉంచితే పాతదాని బ్యాటరీ పొద్దుటికి బాగా తగ్గేది, దీనిది కొద్దిగానే తగ్గుతుంది. బోర్డుకూ ఇందులో వాటా ఉంటుంది కనుక ఘనతంతా మెమరీకే కట్టబెట్టలేను.

పని నడుస్తున్నప్పుడు మాత్రం మెమరీ రకం కన్నా ప్రోగ్రామ్ రాసిన తీరే ముఖ్యం. సీ భాష ఒక అడ్డ వరుసలోని సంఖ్యలను మెమరీలో పక్కపక్కనే ఉంచుతుంది కనుక, ఒక పెద్ద సంఖ్యల పట్టికను సీ ప్రోగ్రామ్‌తో అడ్డ వరుసల వెంట కూడితే, క్యాష్‌లోకి (ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న, వేగమైన మెమరీ) వచ్చిన 64 బైట్ల లైనులోని 4 బైట్ల సంఖ్యలు పదహారూ పనికొస్తాయి. నిలువు వరుసల వెంట కూడితే ఒక్క సంఖ్య కోసం లైనంతా రప్పించి, మిగిలిన పదిహేనింటిని చాలాసార్లు ముట్టకుండానే వదిలేయాల్సి వస్తుంది. లైనక్స్‌లోని పెర్ఫ్ అనే కొలత సాధనంతో చూస్తే రెండో పద్ధతిలో సమయమూ, ఖర్చైన శక్తీ (జౌళ్లు) పెరిగాయి. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ మార్క్ హోరోవిట్జ్ 2014లో 45 నానోమీటర్ల చిప్‌లకు ఇచ్చిన లెక్కల ప్రకారం 64 బిట్లను 8 కేబీ క్యాష్ నుంచి చదవడానికి సుమారు 10 పికోజౌళ్లు (జౌలులో లక్ష కోట్లో వంతు), 1 ఎంబీ క్యాష్ నుంచి 100, డీరామ్ నుంచి 1300 నుంచి 2600 దాకా అవుతాయి కాబట్టి ఇది వింతేమీ కాదు.

నా ఫిర్యాదు ఒక్కటే. మెమరీ పెంచుదామని ద్వారకానగర్‌లోని ఒక రిపేరు షాపుకు తీసుకెళ్తే, అతను వెనుక మూత విప్పి చూసి, “చిప్పులు బోర్డుకే అతికించేశారండీ, పెంచాలంటే బోర్డే మార్చాలండీ” అన్నాడు. రోజంతా ప్లగ్గు దగ్గరే పనిచేసేవారు విడి స్టిక్కులున్న యంత్రం కొనుక్కోవడమే మేలు. బ్యాటరీ మీద తిరిగేవారు ఇదే రకం తీసుకోవచ్చు గానీ, రిఫ్రెష్ ఖర్చు కాస్త పెరిగినా సరే, మొదటే 32 జీబీది ఎంచుకోవాలి.