ఒక్క ఉకులేలే చాలా, ఇంకోటి కావాలా?

చెన్నైలో ఉకులేలే (నాలుగు తీగల బుల్లి గిటార్ లాంటి వాయిద్యం) పట్టిన మనవాళ్ళకు ఈ దురద తొందరగానే మొదలవుతుంది: చిన్న సైజు సొప్రానో ఉంది, కాస్త పెద్ద కాన్సర్ట్ కావాలి, ఆ తర్వాత ఇంకా పెద్ద టెనార్. అన్నాశాలైలో 1842 నాటి వాయిద్యాల దుకాణం మ్యూసీ మ్యూజికల్‌లోకి అడుగుపెడితే ఖాళీ చేతులతో రావడం కష్టమే!

కానీ ఈ మూడింటికీ మామూలుగా శ్రుతి ఒకటే: జీ-సీ-ఈ-ఏ. కార్డులూ (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) అవే. మారేది మెడ పొడవు, నాదంలో నిండుదనం. కొత్తదనమే కావాలంటే ఉన్న కాన్సర్ట్‌కి లో-జీ తీగ (మామూలు జీ కన్నా ఒక స్థాయి కింద మోగేది) వేయించండి, ఖర్చు చాలా తక్కువ.

వేళ్ళు లావైతే టెనార్ కొనడం సబబే. నిజంగా వేరే వాయిద్యమంటే టెనార్ కన్నా పెద్దదైన బారిటోన్: గిటార్ సన్న తీగలు నాలుగింటి శ్రుతి, డీ-జీ-బీ-ఈ. మిగతావి, నన్నడిగితే, గోడకు అలంకారం. పైగా ఇక్కడి ఉక్కపోతకీ ఏసీకీ మధ్య సాలిడ్ చెక్క (ప్లైవుడ్ కాని అచ్చమైన చెక్క) నలిగిపోతుంది. ఒకదాన్నైతే కేసులో పెట్టి కాపాడుకోవచ్చు, ఆరింటిని ఎవరు చూస్తారు?